లెన్స్ సంగతి తర్వాత, ముందు ఆ నోటు పుస్తకం

ప్రశ్న: మాది గాజువాక. మా బాబు ఇంటర్ సెకండియర్ బైపీసీ. ఆదివారం వస్తే తెల్లారకముందే వాళ్ళ మావయ్య కెమెరా పట్టుకుని ఫిషింగ్ హార్బర్‌కి పోతాడు, గద్దల ఫొటోలు తీస్తాడు. నీట్ రాయను, వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్‌నవుతా, లక్ష దాటే లెన్స్ కొనిపెట్టమంటున్నాడు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, మీరు పంపిన ఫొటోలు, బాబు నోటు పుస్తకం పేజీలు రెండుసార్లు చూశాను. ఫొటోలు బాగున్నాయి. నా కళ్ళు మాత్రం పుస్తకంలో ఒక కొట్టివేత దగ్గరే ఆగిపోయాయి. ముందు ‘గద్ద’ అని రాసి, కొట్టేసి, ‘కాదు, పిల్ల గరుడపక్షి. తోక గుండ్రంగా ఉంది’ అని దిద్దుకున్నాడు. ఎదిగిన గరుడపక్షిని తెల్ల తల, ఇటుక రంగు రెక్కలు చూసి ఎవరైనా చెప్తారు. పిల్ల మాత్రం గోధుమ రంగులో అచ్చం మామూలు గద్దలా ఉంటుంది. గద్ద తోక చివర చీలినట్టుంటుంది, దీనిది గుండ్రం. గాల్లో తిరిగే పక్షిలో అంత చిన్న తేడాని మీవాడు ఎవరూ చెప్పకుండానే పట్టుకున్నాడు. నాకు నిజంగా ముచ్చటేసింది.

అందుకే ఫొటోగ్రఫీ మాన్పించకండి. అలాగని దాన్నొక్కదాన్నే నమ్ముకోనివ్వకండి. పక్షుల ఫొటోలు అమ్మి మాత్రమే ఇల్లు నడుపుకునేవాళ్ళు చాలా తక్కువ. మిగతావాళ్ళు డాక్యుమెంటరీలకు పనిచేస్తారు, టూర్లు నడిపిస్తారు, క్లాసులు చెప్తారు. విమానాశ్రయాల దగ్గర, గాలిమరల ప్రాజెక్టుల దగ్గర పక్షుల సర్వేలు జరుగుతాయి. ఎగిరే డేగని కింద నుంచి చూసి పేరు చెప్పగలిగేవాళ్ళు అక్కడ కావాలి. ఇలాంటి పనులకి కెమెరాతో పాటు చదువూ ఉండాలి. జువాలజీతో డిగ్రీ చేయించండి. తర్వాత ఇక్కడే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ ఉంది. డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియాలో వైల్డ్‌లైఫ్ సైన్స్ ఎమ్మెస్సీకి ప్రయత్నించవచ్చు. ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ పరీక్షకీ జువాలజీ డిగ్రీతో అర్హత ఉంటుంది. ఇష్టం లేని నీట్ కోసం లాంగ్ టర్మ్‌లో కూర్చోబెట్టడం నాకైతే సబబుగా అనిపించడం లేదు.

లెన్స్ ఇప్పుడే వద్దు. బోట్ల నుంచి చేపలు దించే వేళ గద్దలు తల మీదికే వస్తాయి, అక్కడ 300 ఎం.ఎం. లెన్స్ సరిపోతుంది. తన ఫొటోల్లో గరుడపక్షి తల తెల్లటి మచ్చలా తేలిపోయింది, ఈకల గీతలే కనిపించడం లేదు. అది లెన్స్ లోపం కాదు. షటర్ స్పీడు సెకనులో 1/2000 వంతు దగ్గర పెట్టి, ఎక్స్‌పోజర్ (కెమెరాలో పడే వెలుగు) కాస్త తగ్గించి తియ్యమనండి. పెద్ద లెన్స్ తప్పదనుకున్న రోజున అద్దెకి తెచ్చుకోవచ్చు.

ఒక్క ఫొటో మాత్రం నన్ను బాధపెట్టింది, గూటిలో పిల్లలది. బాగా కనిపించాలని అడ్డొచ్చిన కొమ్మ విరిచినట్టు తెలిసిపోతోంది. ఆ నీడ పోతే పిల్లలు ఎండకి మాడిపోతాయి. మనిషి దగ్గరికొస్తే తల్లి లేచిపోతుంది, ఆ కాసేపట్లో కాకులు పడతాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం గూళ్ళ జోలికి వెళ్ళడాన్ని కూడా వేట కిందే లెక్కగడుతుంది. చాలా పోటీల్లో గూటి ఫొటోలు తీసుకోరు కూడా. తిట్టకండి, పక్కన కూర్చోబెట్టుకుని చెప్పండి. పక్షి మీద అంత ప్రేమ ఉన్నవాడు వింటాడు. కంబాలకొండ అభయారణ్యంలోకి వెళ్తే అటవీశాఖ అనుమతి తీసుకునే కెమెరా బయటికి తియ్యమనండి.

మార్చిలో పరీక్షలయ్యేదాకా నెలకి రెండు ఆదివారాలు చాలు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో చేపల వేట నిషేధం కదా, బోట్లు కట్టేసి ఉంటాయి, చేపలుండవు. మరి అన్ని గద్దలూ ఆ రెండు నెలలు ఏం తింటాయి, ఎటు పోతాయి? వారానికోసారి వెళ్ళి లెక్కపెట్టి రాయమనండి. జూన్‌లో ఆ నోటు పుస్తకం పట్టుకుని ఇద్దరూ నా దగ్గరికి రండి, కాలేజీ అప్పుడు చూద్దాం.