10.1 కోట్లా, 21.2 కోట్లా?

మీ చెన్నై వేళచ్చేరి అపార్ట్‌మెంట్ షుగర్ క్యాంపు చార్టులో, దేశంలో షుగర్ ఉన్నవాళ్ల లెక్క రెండు రకాలుగా వచ్చిందన్నారు కదా, రెండూ తప్పు కాదు. పరీక్షలు వేరు.

1. 10.1 కోట్లు ఐసీఎంఆర్-ఇండియాబ్ అనే దేశవ్యాప్త షుగర్ సర్వే లెక్క, 2023లో వచ్చింది. 20 ఏళ్లు దాటినవాళ్లలో 11.4 శాతం. నడిపింది మన చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషనే. పరగడుపున ఒకసారి, గ్లూకోజ్ నీళ్లు తాగించి రెండు గంటలకు ఒకసారి రక్తం చూశారు.

2. 21.2 కోట్లు 2024లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ప్రపంచ అంచనా, 2022 సంవత్సరానిది. 18 ఏళ్లు దాటినవాళ్లు. పరగడుపు షుగర్ గానీ హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే పరీక్ష) గానీ, ఏది దాటినా లెక్కలోకే.

3. అందరూ వదిలేసేది ఇదే: ప్రీడయాబెటిస్ (షుగర్ వ్యాధికి ముందు దశ) గీత. ఇండియాబ్‌లో 15.3 శాతం, అంటే 13.6 కోట్లు. అక్కడ డబ్ల్యూహెచ్‌వో (ప్రపంచ ఆరోగ్య సంస్థ) పద్ధతి, పరగడుపు షుగర్ 110 (ఎంజీ/డీఎల్) నుంచి మొదలు. చాలా ల్యాబులు అమెరికన్ పద్ధతిలో 100 నుంచే గుర్తు పెడతాయి. పోయిన నెల నా రిపోర్టులో 108 పక్కన నక్షత్రం గుర్తు చూసి ఇంట్లో ఒకటే టెన్షన్! పరగడుపు లెక్క వరకే చూస్తే ఇండియాబ్‌లో నేను నార్మల్. కాబట్టి క్యాంపులో వచ్చిన ప్రీడయాబెటిస్ శాతాన్ని 15.3తో పోల్చే ముందు, పరగడుపు షుగర్ 100–109 మధ్య ఉందని మాత్రమే ఆ లెక్కలో చేరినవాళ్లని అందులోంచి తీసేయండి.

4. తమిళనాడుకి విడి అంకె వాడండి. ఇండియాబ్‌లో షుగర్ ఉన్నవాళ్లు గోవాలో 26.4 శాతం, యూపీలో 4.8 శాతం ఉన్నప్పుడు దేశ సగటు ఇక్కడికి అతకదు.

చార్టులో ప్రతి అంకె కింద సంవత్సరం, వయసు, పరీక్ష పేరు రాయండి.