క్రాన్‌లో పెట్టే ముందు ఒక్క మాట

చిరంజీవి బుజ్జమ్మకి మావయ్య ఆశీస్సులు.

మీ ఆఫీసు సర్వర్ల ఆరోగ్యం కనిపెట్టి ఉండే స్క్రిప్టులు నువ్వే రాస్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పి మురిసిపోయింది. నేనూ మురిశాను. "నిమిషం నిమిషం చూస్తాయట రా" అనగానే మాత్రం నా గుండెల్లో రాయి పడింది.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. మెమరీలో ఫ్రీ అంకె చూసి హడలిపోకు, నిజంగా వాడుకోగలిగేది చెప్పే అవైలబుల్ చూడు. డిస్కులో చోటుతో పాటు ఫైలుకొకటి చొప్పున ఖర్చయ్యే ఐనోడ్లూ చూడు. సిస్టమ్ పనిభారం చూపే వీఎమ్‌స్టాట్ కమాండ్‌లో మొదటి వరస బూట్ అయినప్పటి నుంచి సగటు, వదిలెయ్. చెప్పిన వేళకి పనులు నడిపే క్రాన్ చదివే జాబితా క్రాంటాబ్, అందులో శాతం గుర్తు ముందు బ్యాక్‌స్లాష్ మరిచిపోతే కమాండ్ అక్కడే తెగుతుంది. ఇవి తప్పినా కొంప మునగదు. మునిగేది ఇంకోటుంది.

నేను పనిచేసిన ఒకచోట ఓ చురుకైన కుర్రాడుండేవాడు. డిస్కు ఎంత నిండిందో చూడ్డానికి నిమిషానికోసారి డీఎఫ్ కమాండ్ నడిపే స్క్రిప్టు క్రాన్‌లో పెట్టాడు. నెలల తరబడి బాగానే నడిచింది. ఓ శనివారం రాత్రి, ఫోల్డర్లని నెట్‌వర్క్ మీద పంచే ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్ పడిపోయింది. అక్కణ్నుంచి తెచ్చి తగిలించిన (మౌంటైన) ఫోల్డర్ దగ్గరికెళ్లిన డీఎఫ్ జవాబు కోసం నిలబడిపోయింది. జవాబు వచ్చేదాకా వదలని హార్డ్ మౌంట్ కదా, ఎంతసేపైనా చూస్తుంది. క్రాన్‌కి ఇవేం పట్టవు. నిమిషం తిరగ్గానే ఇంకోదాన్ని లేపింది, అదీ పోయి దాని వెనకే నిలబడింది. తెల్లారేసరికి వందల ప్రాసెస్‌లు, అన్నీ డీ స్టేట్‌లో, అంటే జవాబు వచ్చేదాకా లేవని నిద్రలో. లినక్స్ వాటినీ లోడ్ యావరేజ్‌లో (పనిలో, వరసలో ఉన్న ప్రాసెస్‌ల సగటు లెక్కలో) కలుపుతుంది కాబట్టి లోడ్ వందలు దాటింది, సీపీయూ చూస్తే ఖాళీ! ఉన్న కాస్త మెమరీ వాటికే సరిపోయి లాగిన్ అవడమే గగనమైంది. బలవంతంగా చంపే కిల్ మైనస్ నైన్ కొట్టినా ఒక్కటీ కదల్లేదు. కొందరు డేటాబేస్‌ని తిట్టారు, కొందరు నెట్‌వర్క్‌ని. కాపలాకి పెట్టిన స్క్రిప్టు మీద మధ్యాహ్నం దాకా ఎవరికీ అనుమానమే రాలేదు. వచ్చాక అందరూ ఆ కుర్రాడి మీద పడ్డారు. ఆ తర్వాత చాలాకాలం వాడు క్రాంటాబ్ ముట్టుకోలేదు, "మీరే పెట్టండి సార్" అనేవాడు. నా భయమంతా అదే తల్లీ. సర్వర్ పోతే రీబూట్ చేసుకోవచ్చు.

అందుకని ప్రతి స్క్రిప్టునీ, ఒకసారికి ఒక్కటే నడిచేలా తాళం వేసే ఎఫ్‌లాక్ మైనస్ ఎన్‌తో నడుపు. ముందుది పూర్తికాకపోతే రెండోది వచ్చిన దారినే వెళ్లిపోతుంది. అలా వెళ్లిపోయినట్టు లాగ్‌లో ఒక లైను రాయించు, జబ్బు మొదట బయటపడేది అక్కడే. డీఎఫ్‌కి మైనస్ ఎల్ ఇస్తే లోకల్ డిస్కుల వరకే చూస్తుంది. గడువు దాటితే ఆపేసే టైమౌట్ కూడా పెట్టు గానీ దాన్నే నమ్ముకోకు, డీ స్టేట్‌లో ఉన్నదానికి సిగ్నల్ అందకపోవచ్చు. పాత లాగ్‌లు తీసేసే లాగ్‌రొటేట్ మరిచిపోయి నీ లాగ్ ఫైలే డిస్కు నింపితే నలుగురూ నవ్వుతారు.

అయినా నిమిషానికోసారి ఎందుకే నీకు? సిస్‌స్టాట్ ప్యాకేజీ పెట్టుకుని ఆన్ చేస్తే మామూలుగా పది నిమిషాలకోసారి సీపీయూ, మెమరీ లాంటి లెక్కలు రాసిపెడుతుంది, sar అనే కమాండ్ కొట్టి చూసుకోవచ్చు. అది చాలని చోటే నీ స్క్రిప్టు పెట్టు. వినవని తెలుసులే, అచ్చం మా అమ్మ మొండితనం నీది. ఆవిడ ఉండుంటే నీ టెర్మినల్ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చునేది.

అలర్టులు నీ ఒక్కదాని ఫోనుకే పెట్టుకోకు, ఇంకొకరి నంబరు కలుపు. రాత్రిళ్లు ఫోన్ మోగొచ్చని మీ అమ్మకి ముందే చెప్పు, లేకపోతే ఆ వేళప్పుడు కంగారుపడి నాకు ఫోన్ చేస్తుంది.

మావయ్య