మాంగాను ఉపాధ్యాయుల ముందు పెట్టాలంటే

మీ తోటి ఉపాధ్యాయులు మాంగాను, అంటే జపాన్ కామిక్స్‌ను, ‘బొమ్మల పుస్తకమే కదా’ అని తీసిపారేస్తున్నారని మీరు రాశారు. వాదన వద్దండీ, ఒక పుస్తకం చేతిలో పెట్టండి. నా ఓటు జపాన్ మాంగా రచయిత నకజావా కేజీ ‘బేర్‌ఫుట్ జెన్’కే. హిరోషిమాపై అణుబాంబు పడినప్పుడు ఆయనకు ఆరేళ్లు. తండ్రినీ, అక్కనూ, తమ్ముణ్ణీ పోగొట్టుకున్నారు. ఆ అనుభవమే 1973లో పిల్లల వారపత్రికలో ధారావాహికగా మొదలైంది. చరిత్ర చెప్పేవారు దీన్ని తేలిగ్గా పక్కన పెట్టలేరు. కాలిన దేహాల బొమ్మలుంటాయి, అందుకని హైస్కూలు పిల్లలకే ఇవ్వండి.

మిగతా మాంగాలు చాలావరకు ఉర్దూ పుస్తకంలా కుడి నుంచి ఎడమకు సాగుతాయని ముందే చెప్పండి. లేకపోతే బైండింగు తప్పనుకుంటారు, మా దగ్గర ఒకరు వెనక్కి తెచ్చిచ్చారు కూడా! మాంగాల్లో ‘షోనెన్’ రకం కుర్రాళ్లకు, ‘సేనెన్’ రకం పెద్దవాళ్లకు. అట్ట మీది వయసు సూచన చూశాకే కొనండి.