పసిపిల్లలకు టీవీ చూపించవచ్చా?

నెలల వయసున్న శిశువుకు టీవీ చూపించవచ్చా అన్న ప్రశ్నకు సూటిగా చెప్పాలంటే, చూపించకపోవడమే మేలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రెండేళ్లు నిండే వరకు పిల్లలను తెర ముందు కూర్చోబెట్టడం మంచిది కాదు. 2 నుంచి 4 ఏళ్ల వారికి రోజుకు గంట మించకూడదు, అంతకన్నా తగ్గితే ఇంకా మంచిది.

శిశువు తెరవైపు కన్నార్పకుండా చూస్తుంటే ఏదో నేర్చుకుంటున్నట్టే అనిపిస్తుంది, కానీ ఆ చూపును పట్టి ఉంచేది చాలావరకు మారిపోయే వెలుగులూ శబ్దాలే. ఎదురుగా ఉన్న మనిషి ఒక బొమ్మతో చేసి చూపిన పనిని ఏడాది నుంచి రెండేళ్ల వయసు పిల్లలు అనుకరించినంత బాగా, అదే పనిని తెరపై చూసి అనుకరించలేరని పరిశోధకులు పలుమార్లు గమనించారు. బిడ్డ "ఊ" అంటే అమ్మ బదులిస్తుంది, టీవీ బదులివ్వదు. మాటలు వచ్చేది ఈ ఇచ్చిపుచ్చుకోవడం వల్లనే.

ఎవరూ చూడకపోయినా గదిలో మోగుతూ ఉండే టీవీని మనం లెక్కలోకి తీసుకోము గానీ, నా దృష్టిలో అసలు నష్టం అక్కడే ఉంది, ఎందుకంటే అది మోగుతున్నంతసేపూ పెద్దలు బిడ్డతో మాట్లాడే మాటలు తగ్గిపోతాయి, బిడ్డ ఆట మధ్యమధ్యలో తెగిపోతుంది. నిద్రకు ముందు తెర చూపడం కూడా తగదు.

దూరాన ఉన్న బంధువులతో వీడియో కాల్ మాత్రం వేరు. అవతల బదులిచ్చే మనిషి ఉన్నారు కనుక అమెరికా పిల్లల వైద్యుల సంఘం కూడా దానికి మినహాయింపు ఇచ్చింది. ఎప్పుడైనా పది నిమిషాలు టీవీ కంటబడిందని తల్లిదండ్రులు అపరాధభావంతో కుమిలిపోవలసిన పని లేదు.