టెక్ సందేహాలు: గిటార్ పక్క చెక్క కోసే ముందు

ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల ప్రశ్నలు ఈసారికి పక్కన పెడుతున్నాను. అకూస్టిక్ గిటార్‌కి పికప్ (తీగల కంపనాన్ని స్పీకర్‌కి పంపే సిగ్నల్‌గా మార్చే పరికరం) పెట్టించుకోవడం గురించి వరసగా మెయిల్స్ వస్తున్నాయి, అన్నిటికీ ఒకేచోట జవాబు రాస్తే అందరికీ పనికొస్తుంది.

కూకట్‌పల్లి నుంచి ఒక పాఠకుడు: నా గిటార్ పై చెక్క సాలిడ్ స్ప్రూస్ (పొరలు అతికించింది కాదు, అసలు చెక్కే). ఆదివారాలు సికింద్రాబాద్‌లో మా చర్చిలో వాయిస్తాను. ముందు మైక్ పెడితే కీచుమని ఫీడ్‌బ్యాక్ వస్తోంది. ఆన్‌లైన్‌లో పదిహేను వందలకి నాలుగు నాబ్‌లు, ట్యూనర్ ఉన్న ప్రీయాంప్ (పికప్ సిగ్నల్‌ని పెంచి సర్దే చిన్న సర్క్యూట్) కిట్ కనిపించింది. పక్క చెక్క కోసి నేనే బిగించుకోవచ్చా?

కోయకండి. కనీసం ఇప్పుడే కోయకండి. గిటార్ పక్క చెక్క మందం రెండు, రెండున్నర మిల్లీమీటర్లు ఉంటుంది, అంతే. అందులో దీర్ఘచతురస్రంగా అంత పెద్ద కన్నం పెట్టాక మళ్ళీ పూడ్చడం మాటలు కాదు. ఈ చౌక కిట్ల కొలతలు ఒకదానికొకటి కలవవు. రెండేళ్ల తర్వాత కిట్ పాడైందనుకోండి, అదే సైజుది దొరక్కపోతే కన్నం మీకు మిగిలిపోతుంది. పైగా నాలుగు నాబ్‌లు ఉన్నంత మాత్రాన సౌండ్ బాగుంటుందని లేదు. సౌండ్ వచ్చేది పికప్ నుంచి, అది శాడిల్ (బ్రిడ్జ్ మీద తీగలు ఆనే తెల్లటి పలక) కింద ఎంత సరిగ్గా కూర్చుందన్న దాన్నుంచి. నాబ్‌లు ఆ వచ్చినదాన్ని సర్దగలవు గానీ లేనిదాన్ని తీసుకురాలేవు.

డ్రమ్స్, కీబోర్డ్ పక్కన నిలబడి వాయిస్తారు కాబట్టి మీకు శాడిల్ కింద పెట్టే పియెజో పికప్ (ఒత్తిడి మారితే సిగ్నల్ పుట్టించే రకం) సరిపోతుంది, ఫీడ్‌బ్యాక్‌ని అది బాగానే తట్టుకుంటుంది. కాకపోతే పక్క చెక్క కోయనక్కర్లేని రకం తీసుకోండి. ఫిష్‌మన్ మ్యాట్రిక్స్ ఇన్ఫినిటీ, ఎల్ఆర్ బ్యాగ్స్ ఎలిమెంట్ లాంటి వాటిలో ప్రీయాంప్ గిటార్ లోపలే ఉంటుంది, వాల్యూమ్ తిప్పే చిన్న చక్రం సౌండ్ హోల్ అంచు లోపల అంటుకుని ఉంటుంది, కేబుల్ గుచ్చే జాక్ వెనక స్ట్రాప్ బటన్ ఉన్న చోట వస్తుంది. బయటికి కనిపించే మార్పు ఒక్కటే, ఆ స్ట్రాప్ బటన్ రంధ్రాన్ని దాదాపు 12 మిల్లీమీటర్లకి, అంటే అర అంగుళానికి వెడల్పు చెయ్యాలి. రేపు పికప్ తీసేసినా ఆ జాక్‌నే స్ట్రాప్ బటన్‌లా వాడుకోవచ్చు. ఖర్చు మీ కిట్ కన్నా చాలా ఎక్కువే, అయినా సాలిడ్ టాప్ ఉన్న గిటార్‌కి ఆ ఖర్చు పెట్టొచ్చని నా గట్టి అభిప్రాయం. డబ్బు ఇప్పుడే సర్దుబాటు కాకపోతే సౌండ్ హోల్‌లో బిగించే మాగ్నెటిక్ పికప్ ఒకటి కొని కొన్నాళ్ళు వాయించండి. దానికి ఏ రంధ్రమూ అక్కర్లేదు, వద్దనుకున్న రోజు విప్పేయొచ్చు. ఫీడ్‌బ్యాక్ ఇంకా మిగిలితే సౌండ్ హోల్‌కి రబ్బరు మూత పెట్టి చూడండి, చాలాసార్లు దాంతోనే పని అయిపోతుంది.

ఇక బిగించే పని సంగతి. వీడియోల్లో చూస్తే తేలిగ్గా అనిపిస్తుంది, కష్టమైన భాగమంతా శాడిల్ దగ్గరే ఉంటుంది. ఆ తెల్లటి పలక తీసి, దాని గాడిలో ఒక చివర సన్న రంధ్రం చేసి, పికప్ తీగని లోపలికి దించాలి. ఆ రంధ్రం పై చెక్క కింద అతికించిన బద్దలకి తగలకూడదు, కాబట్టి ముందు సౌండ్ హోల్‌లోంచి చిన్న అద్దం, టార్చ్ పెట్టి ఆ బద్దలు ఎక్కడున్నాయో చూడాలి. గాడి వెడల్పు కొలిచాకే పికప్ కొనండి, ఎక్కువగా 2.4, 3.2 మిల్లీమీటర్ల రకాలు దొరుకుతాయి. పికప్ కింద చేరింది కాబట్టి శాడిల్ అంతే మందం పైకి లేస్తుంది, తీగలు ఫ్రెట్‌బోర్డ్‌కి దూరమై వేళ్ళు నొప్పెడతాయి. అందుకని శాడిల్ అడుగు భాగం అంత మేర గీయాలి. అలా గీసేటప్పుడు అడుగు బల్లపరుపుగా ఉండటం అన్నిటికన్నా ముఖ్యం. గాజుపలక మీద సాండ్‌పేపర్ పరిచి, శాడిల్‌ని నిటారుగా పట్టుకుని, కాస్త కాస్తగా రుద్దుతూ కొలుస్తూ పోవాలి. తొందరపడి ఎక్కువ గీసేస్తే కొత్త శాడిల్ కొనడమే.

జాక్ రంధ్రానికి మామూలు డ్రిల్ బిట్ వాడొద్దు. అది ఉన్న రంధ్రం అంచుని పట్టి లాగి పెచ్చు లేపుతుంది. రీమర్‌తో (రంధ్రాన్ని వెడల్పు చేసే, కొసకి సన్నబడే పనిముట్టు) చేత్తో తిప్పుతూ మెల్లగా పెద్దది చెయ్యాలి, లేదంటే మెట్లు మెట్లుగా లావయ్యే స్టెప్ బిట్ వాడాలి. మీరే చేసుకుంటే జాక్‌లు, షీల్డెడ్ వైరు, సోల్డర్ కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. షాపులో ఇస్తే మాత్రం గిటార్ చేతికిచ్చే ముందు రెండు ప్రశ్నలు అడగండి, శాడిల్ అడుగు ఎలా గీస్తారు, జాక్ రంధ్రం దేనితో చేస్తారు అని. జవాబు తడబడుతూ వస్తే ఇంకో షాపు చూసుకోండి.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి: పికప్ పెట్టించాను. లావు తీగలు బాగా వినిపిస్తున్నాయి, సన్న తీగలు రెండూ చాలా తక్కువగా వస్తున్నాయి. పికప్ చెడిపోయిందా?

చాలావరకు పికప్ బాగానే ఉంటుంది, శాడిల్ అడుగు వంకర పోయి ఉంటుంది. పియెజో పనిచేసేది ఒత్తిడి మీద. ఆ పదార్థం మీద ఒత్తిడి మారితే కరెంటు పుడుతుందని క్యూరీ సోదరులు 1880లో కనుక్కున్నారు. మీ పికప్‌లో జరుగుతున్నది కూడా అదే. ఎక్కడ శాడిల్ గట్టిగా ఆనుతుందో అక్కడ సౌండ్ ఎక్కువ, ఆనని చోట తక్కువ. తీగలు వదులు చేసి శాడిల్ తీసి, దాని అడుగుని స్టీలు స్కేలు అంచుకి ఆనించి వెలుగుకి ఎదురుగా పట్టుకోండి. మధ్యలో సందు కనిపిస్తే అక్కడే తేడా ఉందన్నమాట. గాడిలో చెక్కపొట్టు మిగిలిపోయినా ఇలాగే అవుతుంది, ముందు అది ఊడ్చేయండి. శాడిల్ మరీ బిగుతుగా ఉన్నా కిందికి పూర్తిగా దిగదు, వేళ్ళతో లాగితే వచ్చేంత వదులు ఉండాలి, అలాగని అటూ ఇటూ ఊగకూడదు. కాగితం ముక్కలు మడిచి కింద పెట్టే చిట్కా ఎవరో చెప్తారు, వినకండి, కొన్నాళ్ళకి కాగితం నలిగిపోయి మళ్ళీ మొదటికి వస్తుంది.

ఉప్పల్ నుంచి: 9 వోల్టుల బ్యాటరీ వారానికొకటి మార్చాల్సి వస్తోంది. రోజూ అరగంట కూడా వాయించను.

వాయించాక కేబుల్ గిటార్‌కే వదిలేస్తున్నారా? అదే కారణం అయ్యుంటుంది. ఈ ప్రీయాంప్‌లకి విడిగా స్విచ్ ఉండదు, జాక్‌లో కేబుల్ గుచ్చితే ఆన్, తీస్తే ఆఫ్. జాక్ స్టీరియో రకం, బ్యాటరీ నెగెటివ్ వైరు దాని మధ్య రింగ్‌కి కలిపి ఉంటుంది, మోనో కేబుల్ దూర్చగానే ఆ రింగ్ గ్రౌండ్‌కి కలిసి సర్క్యూట్ పూర్తవుతుంది. ప్రీయాంప్ 3 మిల్లీయాంపులు తాగుతుందనుకుంటే, 500 మిల్లీయాంపవర్ల ఆల్కలైన్ బ్యాటరీ 160 గంటలకి పైగా రావాలి. రాత్రీ పగలూ కేబుల్ గుచ్చి ఉంచితే అది సరిగ్గా వారం. కేబుల్ తీసేసినా అయిపోతుంటే, బిగించినవాళ్ళు స్టీరియో జాక్ బదులు మోనో జాక్ వేశారేమో, లేదా నెగెటివ్‌ని నేరుగా గ్రౌండ్‌కి కలిపారేమో చూపించుకోండి.

మణికొండ నుంచి: ప్రీయాంప్ లేని పియెజో పికప్ ఉంది. ల్యాప్‌టాప్ మైక్ జాక్‌కి పెట్టి రికార్డు చేస్తే రేకు డబ్బా మోగినట్టుంది, బేస్ అసలు లేదు. ఏ సాఫ్ట్‌వేర్‌తో సరిచేయాలి?

సాఫ్ట్‌వేర్‌తో సరికాదు. పోయిన బేస్ కంప్యూటర్‌లోకి రానే లేదు. పియెజో పికప్ చిన్న కెపాసిటర్ (ఛార్జిని నిలవ ఉంచే భాగం) లాంటిది, అది ఏ ఇన్‌పుట్‌కి కలిస్తే ఆ ఇన్‌పుట్ ఇంపిడెన్స్‌తో (సిగ్నల్‌కి అది చూపే అడ్డు, ఓమ్‌లలో కొలుస్తారు) కలిసి ఫిల్టర్‌లా మారుతుంది. పికప్ కెపాసిటెన్స్ ఒక నానోఫారడ్ అనుకుందాం. 10 కిలోఓమ్‌ల ఇన్‌పుట్‌కి పెడితే 16 కిలోహెర్ట్జ్‌ కింద ఉన్నదంతా తగ్గుతూ పోతుంది, అంటే దాదాపు పాటంతా. 1 మెగాఓమ్‌కి పెడితే ఆ హద్దు 160 హెర్ట్జ్‌కి దిగుతుంది, 10 మెగాఓమ్‌లకి 16 హెర్ట్జ్‌కి. గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగ 82 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, కాబట్టి 10 మెగాఓమ్‌ల ఇన్‌పుట్ ఉన్న ప్రీయాంప్ ఉంటేనే అది నిండుగా వస్తుంది. మైక్ జాక్ ఇంపిడెన్స్ కొన్ని కిలోఓమ్‌లే. ప్రీయాంప్ అనేది సౌండ్ పెంచడానికే అనుకుంటారు చాలామంది, ఈ ఇంపిడెన్స్ పని దానికన్నా పెద్దది.

మీరు కొనాల్సింది ఆడియో ఇంటర్‌ఫేస్, అంటే గిటార్ సిగ్నల్‌ని కంప్యూటర్‌లోకి పంపే పెట్టె. అందులో ఇన్‌స్ట్ అనో హై-జెడ్ అనో బటన్ ఉంటుంది, అది నొక్కితే దాదాపు 1 మెగాఓమ్ ఇన్‌పుట్ వస్తుంది. లావు తీగ కూడా నిండుగా రావాలంటే ముందర 10 మెగాఓమ్‌ల ఇన్‌పుట్ ఉన్న చిన్న ప్రీయాంప్ పెడల్ కూడా పెట్టండి. విండోస్‌లో వాయించినది ఆలస్యంగా వినిపిస్తోందంటే ఇంటర్‌ఫేస్ కంపెనీవాళ్ళ ఏఎస్ఐఓ డ్రైవర్ (ఆలస్యం తగ్గించే సాఫ్ట్‌వేర్) వేసుకుని బఫర్ (కంప్యూటర్ ఒకసారికి పోగుచేసే సౌండ్ ముక్క) 128 శాంపిల్స్‌కి తగ్గించండి, 48 కిలోహెర్ట్జ్ దగ్గర అది మూడు మిల్లీసెకన్ల లోపే, వెళ్ళిరావడం కలిపినా చెవికి పెద్దగా తెలియదు. రికార్డింగ్‌కి రీపర్ అనే సాఫ్ట్‌వేర్ వాడి చూడండి, 60 రోజులు ఉచితంగా వాడి చూడనిస్తారు. పియెజో గీరుగా అనిపిస్తే 2 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల కొంచెం తగ్గించి, 80 హెర్ట్జ్ కింద కట్ చెయ్యండి. అకూస్టిక్ గిటార్ ఇంపల్స్ రెస్పాన్స్ ఫైల్ (మైక్‌తో తీసిన గిటార్ సౌండ్ తీరు నమూనా) ఒకటి లోడ్ చేస్తే మైక్ ముందు వాయించినట్టు వస్తుంది, ఇంట్లో రికార్డు చేసేవాళ్ళందరికీ నేను చెప్పేది ఇదే.

శంషాబాద్ దారిలో ఒక ఫంక్షన్ హాల్లో వాయించిన పాఠకురాలు: ప్లగ్ పెట్టగానే గుయ్‌మని హమ్. మైక్‌కి పెదవి తగిలితే జిల్లుమంది. గిటార్ వైరింగ్ తప్పా?

ముందు ఇది వినండి అమ్మా, జిల్లుమన్న చోట ఇంకో పాట కూడా వాయించొద్దు. మీ గిటార్‌లో ఉన్నది 9 వోల్టుల బ్యాటరీ, దానితో షాక్ కొట్టదు. షాక్ వచ్చేది యాంప్ నుంచో మిక్సర్ నుంచో, అక్కడి సాకెట్‌కి ఎర్తింగ్ లేకపోవడం వల్ల. హాలు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి సాకెట్‌కి ఎర్త్ ఉందో లేదో చూపించండి. యాంప్, మిక్సర్, కీబోర్డ్ అన్నీ ఎర్త్ ఉన్న ఒకే బోర్డు నుంచి తీసుకోండి. హమ్ పోవాలని ఎవరైనా మూడు పిన్నుల ప్లగ్‌లో ఎర్త్ పిన్ను తీసేస్తే ఒప్పుకోవద్దు, ప్రాణాలు పోయే పని అది. హమ్‌కి సరైన పరిష్కారం డీఐ బాక్స్, అంటే గిటార్‌కీ మిక్సర్‌కీ మధ్య పెట్టే చిన్న పెట్టె. దానిమీద గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ ఉంటుంది, అది ఆడియో వైరు గ్రౌండ్‌ని మాత్రమే విడదీస్తుంది, కరెంటు ఎర్త్ జోలికి పోదు. గిటార్‌లో ప్రీయాంప్ ఉంటే పాసివ్ (కరెంటు అక్కర్లేని) డీఐ చాలు, లేకపోతే యాక్టివ్ (కరెంటు కావాల్సిన) డీఐ తీసుకుని మిక్సర్‌లో 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైక్ వైరు గుండానే అందే కరెంటు) ఆన్ చేయించండి.

తార్నాక నుంచి: నైలాన్ తీగల గిటార్‌కి సౌండ్ హోల్ మాగ్నెటిక్ పికప్ పెట్టాను, అసలు సౌండే లేదు.

రాదండి. అది స్టీలు కదిలితేనే పట్టుకుంటుంది. తిరిగి ఇచ్చేయగలిగితే ఇచ్చేసి, బ్రిడ్జ్ కింద లోపలివైపు అంటించే బిళ్ళల రకం చూడండి. అంటించే ముందు డబుల్ టేపుతో పెట్టి రెండు మూడు చోట్ల వాయించి వినండి. ఒక్క అంగుళం జరిగితే సౌండ్ ఎంత మారుతుందో మీకే తెలుస్తుంది.

మల్కాజ్‌గిరి నుంచి: ప్రీయాంప్ ఉన్న గిటార్‌ని బ్లూటూత్ స్పీకర్‌కి వైర్‌లెస్‌గా కలపొచ్చా?

కలపగలిగినా వాయించలేరు. బ్లూటూత్‌లో సౌండ్ సెకనులో పదో వంతు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే ఆలస్యంగా వస్తుంది, చెయ్యి ఒకచోట, పాట ఇంకోచోట ఉంటుంది. ఆ స్పీకర్‌కి ఆక్స్ సాకెట్ ఉంటే వైరుతో పెట్టండి, ఇంట్లో ప్రాక్టీస్‌కి బాగానే పనిచేస్తుంది. వాల్యూమ్ మాత్రం సున్నా నుంచి మొదలుపెట్టి పెంచుకుంటూ పోండి.