పాఠకుల ప్రశ్నలు: దేవుడు నన్నూ ప్రేమిస్తున్నాడా?

ప్రశ్న: బాప్తిస్మం తీసుకుని చాలా ఏళ్లయింది. దేవుడు లోకాన్ని ప్రేమించాడని నమ్ముతాను. నన్ను ప్రేమిస్తున్నాడా అంటే మాత్రం గట్టిగా అవునని చెప్పలేను. ఉదయ ప్రార్థన తప్పిన రోజు ఏ పని చెడినా, ఇది శిక్షేనేమో అనిపిస్తుంది. ఇంకా ఎక్కువ ప్రార్థిస్తే ఈ సందేహం పోతుందా?

జవాబు: ఎక్కువ ప్రార్థించడం మంచిదే గానీ, మీ సందేహం దానితో తీరదు. మనసులో ఇప్పుడున్న లెక్కే ఉంటే గంట ప్రార్థించినా చాలలేదనే అనిపిస్తుంది. నేను సరిగా ఉంటే దేవుడికి నా మీద ప్రేమ, లేకుంటే కోపం అన్నదే ఆ లెక్క. రోమా 5:8 దాన్ని మొదట్లోనే కొట్టేస్తుంది. మనం "ఇంకను పాపులమై యుండగానే" క్రీస్తు మన కోసం చనిపోయాడు. మీరు ఒక్క ప్రార్థనైనా చేయకముందే అది జరిగిపోయింది. మీ నమ్మకం ఆనుకోవాల్సింది దాని మీదే.

లూకా 15లో యేసు చెప్పిన కథలో, ఆస్తి పాడుచేసుకుని ఇంటికి తిరిగొచ్చిన చిన్నకొడుకు మాటలు గమనించండి. 18, 19 వచనాల్లో తండ్రితో ఏం చెప్పాలో ముందే అనుకున్నాడు: పాపం చేశాను, నీ కొడుకుననిపించుకోవడానికి తగను, నన్ను కూలివాళ్లలో ఒకడిగా పెట్టుకో. తీరా తండ్రి ఎదుట, 21వ వచనంలో, మొదటి రెండే పలికాడు. మూడోది రాకముందే తండ్రి మంచి వస్త్రం తెమ్మని, ఉంగరం పెట్టి చెప్పులు తొడగమని పనివాళ్లను పురమాయించాడు. ఒప్పుకోలు విన్నాడు, కూలి బేరాన్ని మాత్రం సాగనివ్వలేదు. ఇల్లు వదలని పెద్దకొడుకుదీ ఆ బేరమే. "ఇన్నియేండ్లనుండి నిన్ను సేవించుచున్నానే" అంటాడు. ఏళ్ల తరబడి సంఘంలో ఉన్నవాళ్లు పడేది ఎక్కువగా ఈ పెద్దవాడి గుంతలోనే. తండ్రి అతని కోసమూ బయటికొచ్చి బతిమాలుకున్నాడు, అది మరిచిపోకండి.

ఇక, ఒక నెలపాటు మీ ప్రార్థన వరుస మార్చి చూడండి. రోజుకు పది నిమిషాలు చాలు. లూకా 15:11–24, రోమా 5:6–11, రోమా 8:31–39, 1 యోహాను 4:7–19 ఒక్కో వారానికి ఒకటి తీసుకుని, వారమంతా ఆ భాగాన్నే పైకి చదవండి. తర్వాత అందులోని ఒక మాటను మీకు వర్తింపజేసుకుని స్తుతించండి. "నన్ను ప్రేమించి, నాకొరకు తన్ను తాను అప్పగించుకొనిన" అని గలతీ 2:20లో పౌలు రాసుకున్నది అలాగే. సంఘాన్ని హింసించానని అదే పత్రిక 1:13లో ఒప్పుకున్న మనిషి ఆయన! స్తుతి తర్వాతే పాపపు ఒప్పుకోలు. చేసిన తప్పును పేరుపెట్టి ఒక్కసారి చెప్పి, ఒప్పుకుంటే దేవుడు క్షమిస్తాడనే 1 యోహాను 1:9 దగ్గర ఆగండి. క్షమాపణ సంపాదించుకోవాలన్నట్టు అదే తప్పును వారమంతా ఒప్పుకోవద్దు. దానివల్ల ఎవరికైనా నష్టం జరిగితే వెళ్లి సరిచేయండి. విన్నపాలు చివర్లో.

ఇది చెడేది ఎక్కడంటే, మనసు కరిగిందా లేదా అని రోజూ తడిమి చూసుకోవడం దగ్గర. కొన్నాళ్లు ఏమీ అనిపించకపోవచ్చు, అయినా కొనసాగించండి. ఒకరోజు తప్పితే మర్నాడు రెండింతలు చదివి బాకీ తీర్చొద్దు. అలా చేస్తే ఇదీ కూలిపనే అవుతుంది.

ఇక శిక్ష సంగతి. దేవుడు తన పిల్లల్ని దిద్దుతాడన్నది నిజమే (హెబ్రీ 12:6), కానీ అది కొడుకుల్ని పెంచడం, పగ తీర్చుకోవడం కాదు. వచ్చిన ప్రతి కష్టానికీ మీ తప్పొకటి వెతకనక్కర్లేదు. మార్తనూ, ఆమె సహోదరినీ, లాజరునూ యేసు ప్రేమించాడని యోహాను 11:5 చెబుతుంది. లాజరు జబ్బుపడ్డాడని విని కూడా ఆయన ఉన్నచోటే ఇంకా రెండు రోజులు ఆగాడని ఆ వెంటనే 6వ వచనం చెబుతుంది.

ప్రశ్న: చిన్నప్పుడు మా నాన్న తాగొచ్చి కొట్టేవాడు. "పరలోకమందున్న మా తండ్రీ" అనగానే నాకు గొంతు పట్టేస్తుంది. ఇది అవిశ్వాసమా?

జవాబు: కాదమ్మా. మీరు పడ్డ బాధ అది. కొంతకాలం "ప్రభువా", "నా కాపరీ" అని పిలవండి, 23వ కీర్తన అలాగే మొదలవుతుంది. తండ్రి ఎలాంటివాడో మీ నాన్నను బట్టి కాక యేసును బట్టి తెలుసుకోండి. ఆయన్ని చూసినవాళ్లు తండ్రిని చూసినట్టే (యోహాను 14:9). మార్కు 5:25–34 నిదానంగా చదవండి. 12 ఏళ్లు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ భయపడి, వణుకుతూ ఆయన ముందు సాగిలపడింది. ఆయన ఆమెను కసరలేదు, "కుమారీ" అని పిలిచాడు. ఏడుపొస్తే 13వ కీర్తనతో ప్రార్థించండి. ఉన్నవి 6 వచనాలే: ముందు ఫిర్యాదు, తర్వాత మొర, చివర నమ్మకం. ఫిర్యాదు దగ్గరే ఆగిపోయినా ఫర్వాలేదు. నాన్నను క్షమించడమంటే మళ్లీ దెబ్బలకు ఎదురెళ్లడం కాదు. ఈ విషయం నమ్మదగిన ఒక పెద్దావిడతోనో, అనుభవమున్న కౌన్సెలర్‌తోనో తప్పక చెప్పుకోండి.

ప్రశ్న: అస్తమానం ప్రేమ గురించే బోధిస్తే జనం పాపాన్ని తేలిగ్గా తీసుకోరా?

జవాబు: బైబిల్లో వరుస చూడండి. ఇశ్రాయేలీయులు ముందు ఐగుప్తు నుంచి బయటపడ్డారు, ఆజ్ఞలు వచ్చింది ఆ తర్వాత, నిర్గమ 20లో. సుంకం వసూలుచేసే జక్కయ్య ఇంట్లో దిగుతానని (లూకా 19) యేసు చెప్పినప్పుడు అతను ఇంకా ఎవరికీ ఏమీ తిరిగివ్వలేదు. సగం ఆస్తి బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు అన్న మాట ఆ తర్వాతే వచ్చింది. సండేస్కూల్లో పది ఆజ్ఞలు నేర్పేవాళ్లు నిర్గమ 20లో మొదటి ఆజ్ఞ ఉన్న 3వ వచనంతో కాక, విడిపించిన దేవుణ్ణి నేనే అని చెప్పే 2వ వచనంతో మొదలుపెట్టండి.