పొగ ఎటు పోతోందో చూసి నిలబడండి

పెద్ద భవనాలు అంటుకున్నప్పుడు ఆ మంటలనూ, వాటితో పోరాడే సిబ్బందినీ ఫోటో తీయడం గురించి ప్రశ్నలు పంపమని గత నెల అడిగాం. కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఇక్కడ జవాబులు. 101కి ఎవరైనా ఫోను చేశారో లేదో కనుక్కున్నాకే కెమెరా బయటికి తీయాలని వేరే చెప్పనక్కర్లేదనుకుంటాం.

ప్రశ్న: మా ఊళ్లో పత్తి జిన్నింగు మిల్లు రాత్రిపూట అంటుకుంది. నా దగ్గర చిన్న డీఎస్‌ఎల్‌ఆర్, 18-55, 55-250 లెన్సులు ఉన్నాయి. ఆటోలో తీస్తే మంట తెల్లటి ముద్దగా వచ్చింది. వెలుగు తగ్గిస్తే మంట బాగుంది గానీ ఫైర్‌మన్లు నల్లబొమ్మలయ్యారు. రెండూ కుదరవా?
— స్టూడియో నిర్వాహకుడు, ఆదోని

జవాబు: కుదురుతాయి, కాకపోతే అది సెట్టింగుల పని కాదు, మీరు నిలబడే చోటు పని. ముందు మంట సంగతి చూద్దాం. ఫ్రేములో ముప్పావు వంతు చీకటే కదా. కెమెరాలో వెలుగు కొలిచే మీటరు ఆ చీకటిని కూడా వెలుగులోకి లాగాలని చూస్తుంది, ఆ లాగడంలో మంట తెల్లబోతుంది. కాబట్టి మాన్యువల్‌లో పెట్టండి. భవనం నిలువునా మండుతున్నప్పుడు ఐఎస్‌ఓ 1600, ఎఫ్/4, 1/250 దగ్గర మొదలుపెట్టవచ్చు. మీ పెద్ద లెన్సు పూర్తిగా జూమ్ చేస్తే ఎఫ్/5.6కు మించి తెరుచుకోదు గనక ఐఎస్‌ఓ 3200 పెట్టుకోండి. ఒక ఫోటో తీసి హిస్టోగ్రామ్ (ఫోటోలో వెలుగు ఎక్కడెంత ఉందో చూపే గ్రాఫు) చూడండి, తెల్లదాన్ని కాదు, ఎరుపుదాన్ని. తెల్లది అంతా బాగానే ఉందంటుంది, ఎరుపు అప్పటికే కుడిగోడకు కొట్టుకుని ఉంటుంది. ఎరుపు పోయిందంటే మంటలో నాలుకలూ మడతలూ కనబడవు, ఒక పసుపు మరక మిగులుతుంది. అలా ఉంటే షట్టరు 1/500కు, ఇంకా పోతుంటే 1/1000కు పెంచండి.

వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదలకండి. అది నారింజ రంగును దోషమనుకుని దిద్దేస్తుంది. డేలైట్‌లో, అంటే 5200 కెల్విన్ ప్రాంతంలో కట్టేయండి. రా (RAW) ఫైలు, అంటే కెమెరా దిద్దకుండా దాచే ముడి ఫైలు, తీస్తే రంగు తర్వాత మార్చుకోవచ్చు గానీ, తీసేటప్పుడే పోయిన ఎరుపును రా కూడా పూర్తిగా వెనక్కి తేలేదు. పొగలో ఫోకస్ ముందుకూ వెనక్కూ తచ్చాడుతూ ఉంటుంది. మధ్య పాయింటు ఒక్కటే ఉంచి, నిచ్చెన అంచు మీదో, మంట ముందు నల్లగా కనబడే హెల్మెట్ అంచు మీదో పట్టించి, అక్కడే మాన్యువల్‌కు తిప్పేయండి.

ఇక మనుషులు. బ్రాంచి (హోజు చివర నీళ్లు చిమ్మే గొట్టం) పట్టుకున్న ఫైర్‌మన్ మంటవైపు తిరిగి ఉంటాడు. అతని వెనక నిలబడి తీస్తే వీపు నల్లగానే వస్తుంది, ఏ కెమెరా అయినా అంతే. పక్కకు జరిగి అతని భుజానికి ఎదురుగా రండి. మంట వెలుగు ముఖం మీద పడుతుంది, అవతలి చెంప చీకట్లో ఉంటుంది. ఇంకొకటి: నీళ్లు మంటను తాకగానే తెల్లటి ఆవిరి లేస్తుంది. రెండు మూడు సెకన్లు అది పెళ్లి ఫోటోల గొడుగులా పనిచేసి వెలుగును నలుదిక్కులా పంచుతుంది. స్టూడియోవారికి ఇంతకంటే చెప్పక్కర్లేదు. సందెవేళ అయితే మరీ మంచిది. పొద్దుగుంకాక 20, 30 నిమిషాల పాటు ఆకాశం వెలుగు, మంట వెలుగు దగ్గరదగ్గరగా ఉంటాయి.

పత్తి మంట తీరు ఆదోనివారికి కొత్త కాదు, అయినా ఫోటోగ్రాఫర్లు దాన్ని లెక్కలోకి తీసుకోరు. పైపై దూది నిమిషాల్లో కాలిపోతుంది. అసలు నిప్పు బేలు లోపల రగులుతూ ఉంటుంది. 170 కిలోల దూదిని అంత గట్టిగా నొక్కి కట్టిన మూటలోకి నీళ్లు దిగవు. అందుకే జేసీబీతో బేళ్లు బయటికి లాగి, పట్టీలు తెంచి, విప్పి తడపాలి. ఇది రోజుల తరబడి సాగే పని. రాత్రి రెండింటికి మంట తగ్గిందని ఇంటికెళ్లినవారికి మంట ఫోటోలే మిగులుతాయి. తెల్లవారుజామున పొగలో బేళ్లు లాగేవాళ్లు, మసి ముఖంతో హెల్మెట్ పక్కన పెట్టి నీళ్లు తాగే మనిషి, ఇవి ఉండిపోయినవారికే దొరుకుతాయి.

ప్రశ్న: సార్, నేను మండల విలేకరిని. దగ్గరికెళ్తే ఆఫీసరు అరిచి పంపేశారు. దూరం నుంచి తీస్తే డెస్కువాళ్లు 'ఇందులో ఏముంది?' అంటారు. ఎంత దూరంలో ఉండాలి?
— అనంతపురం జిల్లా

జవాబు: అరిచినాయన తప్పు లేదు. పనికి అడ్డొచ్చేవారిని అక్కడి నుంచి పంపే అధికారం 1999 నాటి రాష్ట్ర అగ్నిమాపక సేవల చట్టం ఆయనకిచ్చింది. ప్రెస్ కార్డు చూపించి వాదించే చోటు కాదది. వెళ్లగానే అక్కడ ఇన్‌చార్జి ఎవరో చూసుకోండి. మామూలుగా స్టేషన్ ఫైర్ ఆఫీసరు ఉంటారు, లేకపోతే లీడింగ్ ఫైర్‌మన్. ఎక్కడ నిలబడమంటారని ఒక్క మాట అడిగితే తర్వాత మిమ్మల్ని ఎవరూ కదిలించరు.

దూరం లెక్క ఇది: గోడ ఎత్తుకు కనీసం ఒకటిన్నర రెట్లు. 10 మీటర్ల గోడ అయితే 15 మీటర్లు. గోడలు సాధారణంగా వాటి ముఖం వైపే పడతాయి గనక, భవనం మూలకు ఎదురుగా ఉండటం కాస్త నయం. రెండు వైపులా జరిగే పని కూడా కనబడుతుంది.

గాలికి ఎగువన నిలబడండి. జూన్ నుంచి ఆగస్టు దాకా మీ వైపు పడమటి గాలి ఎంత జోరుగా వీస్తుందో రామగిరి గాలిమరలను అడిగితే చెబుతాయి. అయినా నెలను నమ్మకండి, పొగను చూడండి. మాస్కు ఉంది కదా అనుకోవద్దు. ఎన్95 మసిని కొంత ఆపుతుంది, కార్బన్ మోనాక్సైడును ఆపదు. పరుపులు, సోఫాల ఫోము కాలితే హైడ్రోజన్ సయనైడ్ కూడా వస్తుంది. తలనొప్పి, కడుపులో తిప్పడం మొదలైతే ఫోటో వదిలేసి మంచి గాలిలోకి వచ్చేయండి, ఎవరికైనా చెప్పండి.

మన వైపు పైకప్పుల గురించి విడిగా చెప్పాలి. గోదాముల మీది సిమెంటు రేకులు వేడికి టపాకాయల్లా పేలి ముక్కలు విసురుతాయి. కడప బండలు, బేతంచెర్ల బండలు పరిచిన పాత మిద్దెల్లో కాగిన బండ మీద చల్లటి నీళ్లు పడగానే పగులుతుంది. కింద దూలం కూడా కాలి ఉంటే మిద్దె ఒక్కసారిగా కూర్చుంటుంది. పైకప్పును మోసే ఇనుప ట్రస్సులు గట్టివనుకుంటాం, 550 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి వాటి బలం దాదాపు సగం పోతుంది.

బజారులో దుకాణం షట్టరు కోస్తున్నప్పుడు దానికి సూటిగా ఎదురుగా ఉండకండి. లోపల గాలి అయిపోయి పొగ మాత్రమే నిండి ఉంటే, తెరవగానే కొత్త గాలి అంది మంట వీధిలోకి దూకుతుంది. షట్టరు సందుల్లో పొగ ఊపిరి పీల్చి వదులుతున్నట్టు ఆడుతుంటే అది ముందస్తు హెచ్చరిక. హోటలు ఉన్న భవనమైతే 19 కిలోల సిలిండర్లు లోపల ఉన్నాయనే అనుకోండి. పేలితే ముక్కలు వంద మీటర్లు దాటి పోగలవు, గట్టి గోడ చాటున ఉండాలి. సిబ్బంది వెనక్కి పరుగెడుతున్నారంటే, ఫోటో బాగుంటుందని ఆగకుండా మీరూ పరుగెత్తండి.

63 మిల్లీమీటర్ల హోజు నేల మీద వంపు తిరిగి ఉంటే ఆ వంపులో కాలు పెట్టకండి. ఒత్తిడి రాగానే అది నిటారు కావాలని విసురుగా కొట్టుకుంటుంది. హోజులను కలిపే కప్లింగు ఊడితే ఆ లోహపు తల కాలు విరగ్గొడుతుంది. కరెంటు తీశారా అని అడక్కుండా తడి నేల తొక్కవద్దు. నూలు బట్టలు, తోలు బూట్లు వేసుకోండి, పాలిస్టర్ చొక్కా వేడికి కరిగి ఒంటికి అతుక్కుంటుంది.

డెస్కువాళ్ల విషయానికొస్తే, 70-200 లెన్సుంటే 15, 20 మీటర్ల నుంచి మనిషి ఫ్రేము నిండుగా వస్తాడు. అంతకంటే పొడవు లెన్సుతో మంట మీదుగా తీస్తే వేడిగాలికి బొమ్మ వణికి, ఎంత ఫోకస్ చేసినా చెదిరినట్టే ఉంటుంది.

ప్రశ్న: ఫ్లాష్ వేస్తే జాకెట్ల మీది పట్టీలు తెల్లగా మెరిసి మిగతాదంతా నల్లగా వస్తోంది. ఫ్లాష్ పాడైందా?
— కర్నూలు

జవాబు: పాడవలేదు. ఆ పట్టీలు వెలుగును వచ్చిన దారినే తిప్పి పంపేలా తయారుచేసినవి. ఫ్లాష్ కెమెరా నెత్తిన ఉంటే ఆ వెలుగంతా తిరిగి లెన్సులోకే వస్తుంది. పట్టీ అంత ప్రకాశంగా కనబడటం చూసి ఆటో ఫ్లాష్ తన శక్తి తగ్గించుకుంటుంది, అందుకే మనిషి చీకట్లో ఉండిపోతాడు. తప్పదనుకుంటే ఫ్లాష్‌ను కెమెరా నుంచి తీసి చేయి చాచి పక్కన పట్టుకోండి, 1/16 శక్తి చాలు. కానీ పొగలో, తుంపరలో లెన్సు దగ్గరి రేణువులన్నీ తెల్ల చుక్కలై కూర్చుంటాయి. మా సలహా ఫ్లాష్ సంచిలోనే ఉంచమని. నిచ్చెన మీది మనిషికి, ప్రెజర్ గేజీ చూస్తున్న డ్రైవర్ ఆపరేటర్‌కు ఆ క్షణంలో కళ్లు చెదరడం మీ ఫోటో కంటే పెద్ద విషయం.

ఫైరింజన్ మీది దీపం వెలిగి ఆరుతుంటుంది కాబట్టి ఐదారు ఫోటోలు వరుసగా తీయండి, ఒకదాంట్లో వెలుగు పడుతుంది.

ప్రశ్న: నా దగ్గర ఫోను మాత్రమే ఉంది.
— కడప

జవాబు: నైట్ మోడ్ ఆపేయండి. అది కొన్ని ఫోటోలను కలిపి ఒకటి చేస్తుంది, కదిలే మంట అలికినట్టవుతుంది. మంట మీద వేలు పెట్టి నొక్కి, వెలుగు గీతను కిందికి లాగండి. వేలితో జూమ్ చేయకండి. ముందు లెన్సు తుడవండి, జేబులోని జిడ్డుకు ప్రతి దీపం చుట్టూ వలయం వస్తుంది.

ప్రశ్న: మా వీధిలో బట్టల దుకాణం కాలినప్పుడు తీసిన ఫోటోలను పోలీసులూ, బీమా సర్వేయరూ అడుగుతున్నారు. వాట్సాప్‌లో పంపొచ్చా?
— ప్రొద్దుటూరు

జవాబు: వాట్సాప్‌లో ఫోటోగా పంపితే బొమ్మ నలుగుతుంది, తీసిన సమయం వగైరా వివరాలు పోతాయి. డాక్యుమెంటుగా పంపండి, లేదా పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి. కార్డులోని అసలు ఫైళ్లను ముట్టుకోకుండా దాచండి, కత్తిరింపులూ దిద్దుబాట్లూ కాపీ మీదే చేయండి. కోర్టుదాకా వెళ్తే 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కావాలి, అందులో ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే గుర్తు సంఖ్య) రాయాల్సి ఉంటుంది.

మీరు తీసినవాటిలో వారికి అన్నిటికంటే పనికొచ్చేది మొదటి ఫోటో. ఫైరింజన్ రాకముందు పొగ ఏ కిటికీలోంచి, ఏ రంగులో వస్తోంది, షట్టరు మూసి ఉందా అన్నది అందులోనే తెలుస్తుంది. దానికి కెమెరా గడియారం సరిగ్గా ఉండాలి. బ్యాటరీ తీసి చాలాకాలం ఉంచితే చాలా కెమెరాల్లో తేదీ పోతుంది, నెలకోసారి ఫోనుతో సరిచూసుకోండి. ఫోటోలు ఇచ్చినంత మాత్రాన కాపీరైటు పోదు. ఎవరి జీతానికో పనిచేస్తూ తీసినవో, ఎవరో డబ్బిచ్చి తీయించుకున్నవో కాకపోతే అవి మీవే.

ప్రశ్న: చనిపోయినవారు, గాయపడ్డవారు ఫ్రేములోకి వస్తే తీయాలా వద్దా?
— కర్నూలు

జవాబు: తీయడం ఒకటి, అచ్చువేయడం ఇంకొకటి. 1975 జూలై 22న అమెరికాలోని బోస్టన్‌లో ఒక అపార్ట్‌మెంటు అంటుకున్నప్పుడు, తప్పించుకునే ఇనుప మెట్లు విరిగి ఒక యువతి, ఒక పాప కిందపడ్డారు. పత్రికా ఫోటోగ్రాఫర్ స్టాన్లీ ఫార్మన్ ఆ పడటాన్ని మోటార్ డ్రైవ్‌తో వరుసగా తీసి, నేలను తాకేముందు తల తిప్పేసుకున్నాడు. యువతి చనిపోయింది, పాప బతికింది. ఆ ఫోటో మరుసటేడాది పులిట్జర్ బహుమతి పొందింది. అచ్చువేసినందుకు పాఠకులు పత్రికలను తిట్టారు కూడా. అలాంటి మెట్ల భద్రత నిబంధనలు కట్టుదిట్టం కావడానికీ అదే కారణమైంది.

మా లెక్క ఇది: ఎలా జరిగిందో చెప్పే ఫోటో అయితే ఆలోచించాలి, శవం ముఖం మాత్రమే చూపేదైతే వద్దు. ఇంటివారికి కబురు అందకముందు ముఖాలు తెలిసేవి వాట్సాప్ గ్రూపుల్లో అసలే పెట్టవద్దు. ఇన్‌సైడ్ పేజీలో చిన్నగా వేస్తామని డెస్కు అన్నా సరే.

ప్రశ్న: డ్రోనుతో తీయొచ్చా?
— గుంతకల్లు

జవాబు: ఇన్‌చార్జి ఆఫీసరు అడిగితే తప్ప వద్దు. 2021 డ్రోను నియమాల ప్రకారం ముందు ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపులో మీ చోటు ఏ జోనో చూడాలి. కడప, ఓర్వకల్లు విమానాశ్రయాల చుట్టుపక్కల అయితే మరీ జాగ్రత్త. నియమాలు అటుంచినా, మంట మీద లేచే వేడిగాలి చిన్న డ్రోనును గాలిపటంలా తిప్పి జనం మీద పడేస్తుంది.

ప్రశ్న: ఇంటికొచ్చాక లెన్సు మీద బూడిద పేరుకుంటోంది. గుడ్డతో తుడిస్తే గీతలు పడ్డాయి.
— ఆదోని

జవాబు: బూడిదలో ఇసుకలాంటి రేణువులుంటాయి. ముందు రబ్బరు బ్లోయరుతో ఊది, తర్వాత మెత్తటి బ్రష్షు, ఆఖరున లెన్సు తుడిచే ద్రవం రెండు చుక్కలు వేసిన లెన్సు కాగితం. నోటితో ఊదకండి, తుంపర పడుతుంది. బాడీని పిండిన తడిగుడ్డతో తుడవండి, మంటలార్పే ఫోము పడి ఉంటే రెండుసార్లు. పగలు ముందు యూవీ ఫిల్టరు ఉంచవచ్చు. రాత్రి తీసేయండి, మంట వెలుగు దానిమీద తిరగబడి చీకట్లో ఇంకో చిన్న మంట ఉన్నట్టు బొమ్మ వస్తుంది. మంట దగ్గర లెన్సు మార్చడం మాత్రం ఎప్పుడూ వద్దు. సెన్సరు మీద కూర్చున్న బూడిదను ఇంట్లో ఊదడం కంటే సర్వీసు సెంటరులో ఇవ్వడం మేలు.